పౌడర్ కడుక్కుని రమ్మన్నారు

నిన్న సెలవు పెట్టి, వదినను వెంటబెట్టుకుని చెకప్‌కి వెళ్లాను. కాన్పులు తీసేస్తే, నలభై రెండేళ్లలో నా కోసం ఆస్పత్రికి వెళ్లడం ఇదే మొదలు. పిల్లల టీకాల తేదీలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మంగళవారాలు ఆడవాళ్లకే అని 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్య మహిళ క్లినిక్‌లు పెట్టినప్పుడే వదిన రమ్మంది, నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే తీసే గదిలో సిస్టర్ మొదటి ప్రశ్న: "పౌడర్ రాసుకున్నారా మేడమ్?" ఈ ఎండలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో వచ్చినదాన్ని, రాసుకోకుండా ఎలా ఉంటాను! ఆ రేణువులు ఎక్స్‌రేలో కాల్షియం చుక్కల్లా కనబడి లేనిపోని అనుమానం పుట్టిస్తాయట. వెళ్లి కడుక్కుని వచ్చాను. రెండు పలకల మధ్య నొక్కినప్పుడు నొప్పి ఉంది, లేదనను. కానీ కొన్ని సెకన్లే.

అసలు టెన్షన్ పాప్ స్మియర్ గురించే. తీరా చూస్తే రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. గర్భాశయ ముఖద్వారం నుంచి చిన్న బ్రష్‌తో కణాలు తీశారు. అవి క్యాన్సర్‌గా మారకముందే, ఏళ్ల ముందే తేడా తెలిసిపోతుందట. బాగుంటే మళ్లీ మూడేళ్లకు రమ్మంది డాక్టరమ్మ. ఆ రిపోర్టు ఇంకా రాలేదు.

హిమోగ్లోబిన్ మాత్రం 9.4. కనీసం 12 ఉండాలి. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని ఇన్నాళ్లూ వయసు మీదికి తోసేశాను.

ఇక "నాకేం లేదే, నీకు తోడొచ్చా" అంటూ కూర్చున్న వదినకు ఊరికే బీపీ చూస్తే 160/100! మళ్లీ వారం తర్వాత చూస్తామన్నారు. తిరిగొచ్చేటప్పుడు మిర్చి బజ్జీ బండి దగ్గర ఆటో ఆపమని అడగలేదు, పాపం.