ఆర్‌సీ522 రీడర్: గెయిన్ ఒక్కటే చాలదు

ఆర్‌సీ522 అనే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు రీడర్ కార్డు అంటిస్తే తప్ప చదవట్లేదంటే అందరూ ముందు గెయిన్ మీద, అంటే కార్డు నుంచి వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్ మీద పడతారు. రీడర్‌లోని ఎంఎఫ్‌ఆర్‌సీ522 చిప్‌లో అది హెక్స్ 26 రిజిస్టర్ (సెట్టింగ్ ఉండే చోటు), 6 నుంచి 4 వరకు బిట్లు. రీసెట్ అయ్యాక 33 డీబీ ఉంటుంది. హెక్స్ 70 రాస్తే 48 డీబీ, అదే గరిష్ఠం. ఇనిషియలైజ్ చేశాకే రాయాలి, ముందే రాస్తే రీసెట్‌లో చెరిగిపోతుంది.

కానీ కార్డులో బ్యాటరీ లేదు కదా! యాంటెన్నా నుంచి పవర్ అందకపోతే అది బదులే ఇవ్వదు. రాని జవాబును ఎంత పెంచితే ఏం లాభం? నాయిస్ మాత్రం పెరుగుతుంది. చౌక బోర్డుల్లో అసలు దొంగలు ఎల్1, ఎల్2. యాంటెన్నాకు వెళ్లే దారిలోని ఆ 2.2 మైక్రోహెన్రీ ఇండక్టర్లు (తీగ చుట్టలు) తక్కువ కరెంటుకే సాచురేట్ అవుతాయి, అంటే ఆపై సరిగా పనిచేయవు. అదే విలువలో ఎక్కువ కరెంటు తట్టుకునేవి సోల్డర్ చేయండి. రీడర్ వెనక ఇనుప తలుపుంటే, అది యాంటెన్నా పవర్‌ను తినేయకుండా మధ్యలో ఫెర్రైట్ (అయస్కాంత పదార్థం) షీట్ పెట్టాల్సిందే.