నాయన కేఎంపీఎల్, నా కాస్ట్ ఇండెక్స్

కువైట్ వచ్చి తొమ్మిదేళ్లయింది. మా కడప జిల్లా నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డ్రైవర్ పనికి, ఇంటిపనికి వస్తారు. నేను విమానాల ఆఫీసులో డిస్పాచర్‌ని. ఏ విమానం ఏ దారిన, ఎంత ఎత్తులో, ఎంత ఇంధనంతో పోవాలో లెక్కగట్టి పైలట్‌కి ఇస్తాను. ఊర్లో "ఎయిర్‌పోర్టులో చేస్తాడంట" అని ఊరుకుంటారు. కూపీ లాగింది మా నాయన ఒక్కడే.

ఆయన ముప్పై ఏళ్లు బస్సు తోలాడు. ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న: "విమానానికి కేఎంపీఎల్ ఎంత వస్తాది రా?"

బస్సు డ్రైవర్ల ఇళ్లల్లో పెరిగినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని. తగ్గితే డిపోలో పిలిపిస్తారు. నిదానంగా తోలి డీజిల్ మిగిలిస్తే, టైముకి ఎందుకు రాలేదని ఇంకొకాయన అడుగుతాడు. గువ్వలచెరువు ఘాట్ మీదుగా వచ్చిన రోజు, రెండింట్లో ఏది పోయిందో నాయన మొహం చూస్తే తెలిసేది.

మా దగ్గర ఈ పేచీకి ఒక అంకె ఉంది. కాస్ట్ ఇండెక్స్ అంటారు. విమానం ఒక నిమిషం గాల్లో ఉంటే సిబ్బందికి, మరమ్మతులకి అయ్యే ఖర్చుని కిలో ఇంధనం ధరతో భాగిస్తే వస్తుంది. సున్నా పెడితే తాగుడు తక్కువ, నడక నిదానం. పెంచేకొద్దీ వేగం, తాగుడు రెండూ పెరుగుతాయి. ఎక్కే వేగం, పైన పోయే వేగం, దిగే వేగం అన్నీ ఆ అంకె నుంచే కంప్యూటర్ తీస్తుంది.

ఎక్కడం గురించి చెప్పడానికే తంటాలు పడ్డాను. ఘాట్‌లో గేరు మారుస్తారు. విమానంలో ఎక్కేటప్పటి ఇంజన్ శక్తిని ఒక స్థాయిలో పెట్టేసి, ముక్కు ఎంత ఎత్తాలో చూసుకుంటారు. ఎక్కువ ఎత్తితే వేగం తగ్గి నిటారుగా ఎక్కుతుంది, తక్కువ ఎత్తితే వేగంగా, ఏటవాలుగా పోతుంది. పైన గాలి పలుచన, అక్కడ ఖర్చు తక్కువ, కాబట్టి అంకె చిన్నదైతే నిటారు దారే. చాలా దేశాల్లో పదివేల అడుగుల లోపల 250 నాట్లు, అంటే గంటకి 463 కిలోమీటర్లు, దాటకూడదు. మా పొదుపు లెక్కలు ఎక్కువగా ఆ పైన పనికొస్తాయి.

పైకి చేరాక కిలో ఇంధనానికి అన్నిటికంటే ఎక్కువ దూరం ఇచ్చే వేగం ఒకటుంటుంది. ఆ దూరంలో ఒక్క శాతం వదులుకుంటే వేగం మూడు నుంచి ఐదు శాతం పెరుగుతుంది. ఇది విని నాయన కాసేపు పలకలేదు.

"ఒక్క శాతమేనా? మాకెవురూ ఇట్ల చెప్పలా."

నాకు కోపం వచ్చేది అక్కడే. ఆయన్ని రెండూ అడిగారు. ఒక నిమిషానికి ఎన్ని చుక్కల డీజిల్ పోయినా పర్వాలేదో చెప్పినవాళ్లు లేరు. మా పైలట్‌కి ఆ ధర కంపెనీయే కట్టి ఇస్తుంది.

ఎదురుగాలి దగ్గర మాత్రం పెద్ద వాదనే జరిగింది. గాలి ఎదురొస్తే నిదానించాలి అంటాడాయన. బస్సుకి సరే. విమానం తేలేదే ఆ గాలిలో. నిదానిస్తే అందులో ఇంకా ఎక్కువసేపు ఉండి ఇంకా తాగుతుంది, కాబట్టి కాస్త పెంచుతాం. వెనక గాలి ఉంటే కాస్త తగ్గిస్తాం. చలికాలంలో పైన పడమటి గాలి గట్టిగా వీస్తుంది. అంటే ఇండియాకి వెళ్లేటప్పుడు గాలి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు అడ్డం నిలబడుతుంది. సెలవు అయిపోయి కువైట్ వచ్చే ప్రయాణం పొడుగ్గా అనిపించేది నా దిగులు వల్లే అనుకునేవాణ్ని. గడియారంలో కూడా అంతే!

పోయిన జనవరిలో నేను ఎక్కిన విమానం నలభై నిమిషాలు లేటుగా బయల్దేరింది. పైలట్ మైకులో "టైము కవర్ చేస్తాం" అన్నాడు. అంకె పెంచుంటారని నవ్వుకున్నాను. చెన్నైలో దిగేసరికి లేటు పన్నెండు నిమిషాలకి తగ్గింది. అక్కణ్నించి ఇంటికి బస్సు.

నాయన బస్టాండులో నిలబడి ఉన్నాడు. నా చేతిలో సంచి అందుకుంటూ, "టైము ఎట్లో కవర్ చేసినారంటివే, ఎంత తాగించినారు మరి?" అన్నాడు.