తమ్ముడు మంగోలియా వెళ్లిన శుక్రవారం

26 జూలై 2024, గుంటూరు

పొద్దున ఐదున్నరకి ఫోన్ మోగింది. ఆ టైములో మోగితే మా ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడవు. అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. తమ్ముడే. "బయల్దేరుతున్నాం అక్కా, కాసేపట్లో ఫోన్ ఆపేస్తాను" అన్నాడు. మాట్లాడింది రెండు నిమిషాలు. అందులో ఒక నిమిషం అమ్మ "తిన్నావా నాన్నా, స్వెటర్ పైనే పెట్టుకున్నావా" అని అడగడానికే సరిపోయింది. పాలు పొంగిపోయాయి. ఈ రోజు పొంగితే మంచిదేలే అని అమ్మే అనుకుంది.

వాడు ఆర్మీలో, మద్రాస్ రెజిమెంట్‌లో నాయక్ ర్యాంకులో ఉన్నాడు. మంగోలియాలో ఏటా ఖాన్ క్వెస్ట్ అని, చాలా దేశాల సైనికులు కలిసి చేసే శిక్షణ ఎక్సర్‌సైజ్ జరుగుతుంది. ఈసారి మన దేశం నుంచి వెళ్లే 40 మందిలో ఎక్కువ మంది వాళ్ల బెటాలియన్ వాళ్లే. 2003లో అమెరికా, మంగోలియా సైన్యాలు రెండే కలిసి మొదలుపెట్టాయి. 2006 నుంచి మిగతా దేశాల వాళ్లూ వస్తున్నారు. రేపటి నుంచి ఆగస్టు 9 దాకా ఉలాన్‌బాతర్ దగ్గర ఉంటారు. ఐక్యరాజ్య సమితి శాంతి సేనలో పనిచేయాల్సి వస్తే ఎలా నడుచుకోవాలో అక్కడ సాధన చేయిస్తారు. ఆ తర్వాత నిజంగా పంపుతారా, పంపితే ఏ దేశానికి అన్నది వాడు చెప్పలేదు, మేమూ అడగలేదు. మిలట్రీ వాళ్ల ఇళ్లల్లో కొన్ని ప్రశ్నలు నోటిదాకా వచ్చి ఆగిపోతాయి.

స్కూల్లో ఫస్ట్ పీరియడ్ తొమ్మిదో తరగతికి సోషల్. చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టి ఆసియా మ్యాపు తగిలించాను. మంగోలియా ఎక్కడుందో చూపించమంటే నలుగురు చైనాలో వెతికారు. మన దేశంలో దాదాపు సగం ఉంటుంది, జనం మాత్రం 35 లక్షలే అంటే పిల్లలు నమ్మలేదు. ముందు బెంచీ అమ్మాయి లేచి "మీ తమ్ముడు యుద్ధానికి వెళ్తున్నారా మేడమ్?" అంది. కాదమ్మా, యుద్ధం జరిగిన చోట మళ్లీ జరగకుండా చూడటం నేర్చుకోవడానికి అన్నాను. ఆ మాట అన్నాక నాకే గొంతు పట్టేసింది.

పోయిన నెల లీవులో వచ్చినప్పుడు వాడు చెప్పినవన్నీ రోజంతా గుర్తొస్తూనే ఉన్నాయి. రాత్రి డాబా మీద నాన్న, వాడు, నేను. అక్కడ ఏం చేయిస్తారురా అని నాన్న అడిగారు. చెక్‌పోస్టు పెట్టడం, ఊళ్లో గస్తీ తిరగడం, గొడవల్లో చిక్కుకున్న మామూలు జనాన్ని బయటికి తీసుకురావడం, దెబ్బ తగిలినవాడిని మోసుకెళ్లడం అని వరసగా చెప్పాడు. తుపాకీ చేతిలోనే ఉంటుంది, కానీ అది ఎప్పుడు ఎత్తకూడదో నేర్చుకోవడమే కష్టం అన్నాడు. చెక్‌పోస్టు దగ్గర బండి ఆగుతుంది. లోపల ఉన్నవాళ్లకి మన భాష రాదు. చంటిబిడ్డ ఏడుస్తుంటుంది. వాళ్లు మనల్ని చూసి భయపడతారు, మనం వాళ్లని చూసి భయపడతాం. ఆ రెండు భయాల మధ్య తప్పు జరగకుండా చూడాలి.

అప్పుడు నాన్నకి ఒక్కసారిగా హుషారొచ్చింది. నాన్న మిర్చి యార్డులో గేటు దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేశారు. సీజన్‌లో పల్నాడు నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకొచ్చిన లారీలు రాత్రంతా వరసలో నిలబడతాయి. రైతుకి నిద్ర ఉండదు, డ్రైవరుకి తిండి ఉండదు, చిన్న మాటకే కొట్లాటకి దిగుతారు. "ముందు కాగితం అడక్కూడదురా. ముందు ఏ ఊరని అడగాలి. ఊరి పేరు చెప్పేసరికి మనిషి సగం చల్లబడతాడు" అన్నారు నాన్న. తమ్ముడు కాసేపు ఆలోచించి, "మాకు నేర్పేదీ అదే నాన్నా, కాకపోతే ఇంగ్లీషులో చెబుతారు" అన్నాడు. ఆ మాటకి నాన్న ముఖం వెలిగిపోవడం చీకట్లో కూడా కనిపించింది నాకు. గేటు ఉద్యోగమని చుట్టాలు తేలిగ్గా మాట్లాడినప్పుడల్లా తల దించుకున్న మనిషి ఆయన.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పక్కింటి పిన్ని గోరింటాకు రుబ్బి తెచ్చింది. ఆషాఢం కదా. అమ్మ రెండు చేతులకీ పెట్టుకుని మంచం మీద కూర్చుంది. టీవీలో పొద్దుటి నుంచీ కార్గిల్ విజయానికి 25 ఏళ్లని చూపిస్తున్నారు. ద్రాస్ దగ్గర స్మారకం, గోడ మీద వరసగా పేర్లు. అమ్మ చేతులు ఖాళీగా లేవు, రిమోట్ అందుకోలేదు. ఛానల్ మార్చనా అని అడిగాను. "వద్దే, వాళ్ల అమ్మలు చూస్తుంటారు కదా, నేనూ చూస్తా" అంది.

మన సైనికులు ఇప్పటిదాకా 2,90,000 మందికి పైగా శాంతి సేనల్లో పనిచేశారనీ, వాళ్లలో 180 మంది దాకా తిరిగి రాలేదనీ ఈ మధ్యే చదివాను. మొదటి లెక్క అమ్మకి చెప్పాను. రెండోది చెప్పలేదు. ఇది శిక్షణే, టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

వాడి బ్యాగులో అమ్మ ఇచ్చిన కారప్పొడి డబ్బా ఉంది. మూతకి టేపు చుట్టింది నేనే. అక్కడ మాంసం ఎక్కువట, టీలో ఉప్పు వేస్తారట. ఏది పెట్టినా కాస్త కారప్పొడి చల్లుకుంటే తినేస్తాడు.

ఇప్పుడు రాత్రి పదింపావు. అక్కడ మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే ఒంటిగంటకి పావు తక్కువ. చేరామని మెసేజ్ ఇంకా రాలేదు. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి చూపించింది, ఎర్రగా పండాయి. నాన్న వరండాలో గేటు వైపు ముఖం పెట్టి కుర్చీలో కూర్చున్నారు.