మలేరియా కిట్‌లో ఎర్ర గీత బంగారమే

ఆశా దీదీ వేలు గుచ్చి చూసే మలేరియా కిట్‌లో ఎర్ర గీత పడుతుంది కదా, ఆ ఎరుపు మన రక్తానిదే అనుకునేవాళ్లు చాలామంది. ఒడిశాలో మా రాయగడ, గుణుపురం వైపు ఆ గీతని ఎప్పుడో ఒకసారి చూడని ఇల్లు ఉండదు. వానలు పడ్డాక జ్వరం వస్తే ముందు చేసేది ఆ టెస్టే, 2017 నుంచి దమన్ అనే ఒడిశా ప్రభుత్వ మలేరియా కార్యక్రమం పేరుతో కొండల మీది ఊళ్లలో జ్వరం లేనివాళ్లకి కూడా చేస్తున్నారు. నా దగ్గర ఫిజిక్స్ ట్యూషన్‌కి వచ్చే ప్లస్ టూ పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది, "సార్, రక్తం ఎరుపైతే మరి గీత పడని చోట తెల్లగా ఎందుకుంటుంది?" అని. అంత మంచి ప్రశ్న ఈ మధ్య నేను వినలేదు. జవాబు ఏంటంటే, అలాంటి కిట్లలో దాదాపు అన్నిటిలోనూ ఆ ఎరుపు బంగారానిది. అసలు బంగారమే. కాకపోతే ఒక్కో గింజ 20 నుంచి 40 నానోమీటర్లు ఉంటుంది (మిల్లీమీటర్‌లో పది లక్షో వంతు ఒక నానోమీటర్, వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రోమీటర్). మన ఎర్ర రక్తకణం అడ్డంగా సుమారు 8 మైక్రోమీటర్లు, దాని మీద 40 నానోమీటర్ల గింజల్ని వరసగా పేర్చితే ఈ అంచు నుంచి ఆ అంచుకి రెండొందలు పడతాయి.

పసుపు బంగారం ఎర్రగా ఎలా మారింది అనేది నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన విషయం. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకీ అతుక్కోకుండా తిరుగుతుంటాయి. వెలుగు అంటే ఊగే విద్యుత్ క్షేత్రమే కాబట్టి, అది గింజ మీద పడగానే ఈ ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒక పక్కకి జరుగుతాయి, మళ్లీ వెనక్కి వస్తాయి. ఉయ్యాలని దాని ఊపుకి సరిగ్గా కుదిరే వేళకి తోస్తే ఎలా అందుకుంటుందో, ఈ ఎలక్ట్రాన్ల గుంపు కూడా తన లయకి సరిపోయిన రంగు వచ్చినప్పుడు గట్టిగా ఊగుతుంది, ఆ రంగుని బాగా మింగేస్తుంది. నీళ్లలో ఉన్న ఇంత చిన్న బంగారు గుండ్లకి ఆ లయ 520-530 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చలో పడుతుంది. ఆకుపచ్చ పోయాక మన కంటికి చేరేది ఎరుపు. దీన్ని ప్లాస్మాన్ రెజొనెన్స్ అంటారు. గుండుగా కాకుండా పొడుగు పుల్లలా చేస్తే లయ మారిపోయి ఇన్‌ఫ్రారెడ్ దాకా వెళ్తుంది. లోహం అదే, రంగుని నిర్ణయించేది మాత్రం సైజూ ఆకారమూ, పక్కన ఏముంది అన్నదీ.

ఎమ్మెస్సీ చదివేటప్పుడు దీన్ని కళ్లారా చూశాను, ఇప్పటికీ మర్చిపోలేదు. బంగారు లవణం కలిపిన లేత పసుపు నీళ్లు మరుగుతుంటే సోడియం సిట్రేట్ పోస్తాం. ముందు రంగు పూర్తిగా పోతుంది, మామూలు నీళ్లలా కనిపిస్తుంది, ఏదో తేడా కొట్టిందేమోనని టెన్షన్ కూడా వస్తుంది. తర్వాత బూడిద రంగు నీలం, అందులోంచి ఊదా, చివరికి దానిమ్మ రసం లాంటి ఎరుపు. ఆ ఎర్ర నీళ్లు కొంచెం తీసి చిటికెడు ఉప్పు వేస్తే చూస్తుండగానే నీలంగా తిరుగుతుంది. సిట్రేట్ పూత వల్ల గింజలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ విడిగా ఉంటాయి, ఉప్పు ఆ తోపుడుని తగ్గించేస్తుంది, అవి ముద్దలుగా దగ్గరకి చేరతాయి, దగ్గరైన గింజల లయ వేరు. లండన్‌లో మైఖేల్ ఫారడే 1857లోనే ఇలాంటి ఎర్ర బంగారు ద్రవాలు చేసి, ఈ రంగు బంగారం చాలా చిన్న రేణువులుగా ఉండడం వల్లే అని చెప్పాడు. ఆయన చేసిన సీసాలు కొన్ని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ రంగు పోకుండా ఉన్నాయి. లెక్కలతో పూర్తి వివరణ 1908లో గుస్టాఫ్ మీ (Mie) అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చాడు.

ఇప్పుడు కిట్ లోపలికి వద్దాం. డేట్ అయిపోయిన కిట్ ఒకటి మా ఆశా దీదీని అడిగి తెచ్చుకుని (వాడనిది, వాడిన కిట్లు ముట్టుకోకూడదు) ప్లాస్టిక్ విప్పి పిల్లలకి చూపించాను. లోపల ఒక పొడుగు తెల్ల పట్టీ, దాని మొదట్లో చిన్న మెత్త, ఆ మెత్త మీద ఎండిపోయిన ముదురు గులాబీ మరక. ఇంకా రక్తం తగలని కిట్ అది, అయినా ఎరుపు అక్కడే ఉంది! ఆ మరకే బంగారం. ప్రతి గింజ మీదా యాంటీబాడీలు అంటించి ఉంటాయి. ఒక చిన్న బొట్టు రక్తం వేసి బఫర్ అనే ద్రవం చుక్కలు పోస్తే రక్తకణాలు పగిలి, ఫాల్సిపారం మలేరియా క్రిమి వదిలే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్ ఉంటే అది బయటికొస్తుంది, బంగారు గింజల మీది యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి. అన్నీ కలిసి పట్టీ వెంట పాకుతూ వెళ్తాయి. గీత పడే చోట ఇంకో వరస యాంటీబాడీలు కదలకుండా కాచుకుని ఉంటాయి, ప్రోటీన్‌ని రెండో వైపు నుంచి అవి పట్టుకుంటాయి. అలా ఒకే చోట గుంపుగా ఆగిపోయిన బంగారమే గీత. ప్రోటీన్ లేకపోతే గింజలు ఆగకుండా ముందుకెళ్లిపోతాయి, ఆ అమ్మాయి అడిగిన తెల్లదనం అందుకే. చివర్లో ఉండే కంట్రోల్ గీత మాత్రం ఎలాగైనా పడాలి, పడకపోతే ఆ కిట్ పనికిరానట్టే. మామూలు రంగు వాడొచ్చు కదా అంటే, ఒక్క రంగు అణువు మింగే వెలుగుకన్నా ఒక్క బంగారు గింజ మింగేది వేల రెట్లు ఎక్కువ. కరెంటు గానీ మిషన్ గానీ లేకుండా, కొండ మీద చెట్టు కింద కూర్చుని 15-20 నిమిషాల్లో మామూలు కంటితో చూడగలగడానికి ఇదే కారణం.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. గీత ఎంత లేతగా పడినా అది గీతే, పాజిటివే. ఇంకోటి, మందు వాడి తగ్గిపోయాక కూడా హెచ్‌ఆర్‌పీ2 రక్తంలో వారాల తరబడి ఉండగలదు, కాబట్టి మళ్లీ గీత పడిందని సొంతంగా మందు మింగకండి, స్లైడ్ తీయమని అడగండి. స్లైడ్‌లో క్రిమినే మైక్రోస్కోపు కింద చూస్తారు.

మైక్రోస్కోపు అన్నాను కాబట్టి, దానికి ఉన్న హద్దు గురించి కూడా. వెలుగు తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూడలేమని 1873లో ఎర్న్‌స్ట్ అబే అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త చెప్పాడు. అది దాదాపు 200 నానోమీటర్లు. మలేరియా క్రిమి దానికంటే పెద్దది, కనిపిస్తుంది. బంగారు గింజ ఆకారం కనిపించదు, అది వెదజల్లే వెలుగు మాత్రం చీకటి నేపథ్యంలో చుక్కలా మెరుస్తుంది.

వెలుగుతో చూడడమే కాకుండా పట్టుకోవచ్చు కూడా అని చెప్తే పిల్లలు నమ్మలేదు. వెలుగుకి బరువు లేకపోయినా ద్రవ్యవేగం (మొమెంటమ్) ఉంది. పారదర్శకమైన చిన్న గాజు పూస లోంచి వెళ్తూ వెలుగు వంగిందంటే దాని ద్రవ్యవేగం దిశ మారినట్టు, అంటే పూస మీద ఎదురు తోపు పడ్డట్టు. లేజర్‌ని లెన్సుతో బాగా బిగించి ఒక బిందువు దగ్గరకి తెస్తే ఈ తోపులన్నీ కలిసి పూసని ఆ వెలుగు ఎక్కువున్న చోటికే లాగి ఉంచుతాయి. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్ 1970లో లేజర్‌తో పూసల్ని తోశాడు, 1986లో తోటివాళ్లతో కలిసి ఒకే కిరణంతో పట్టి ఆపాడు, ఆ మరుసటి ఏడాది వైరస్‌లనీ బతికున్న బాక్టీరియానీ పట్టాడు. 2018లో నోబెల్ వచ్చేసరికి ఆయనకి 96 ఏళ్లు. అంత ఆలస్యంగా ఇవ్వడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, గింజ అడ్డుకొలత పదో వంతుకి తగ్గితే పట్టు వెయ్యో వంతుకి పడిపోతుంది. ఒక్క ప్రోటీన్‌ని నేరుగా పట్టుకోవడం అందుకే కష్టం, దాన్ని పెద్ద పూసకి అంటించి పూసని పట్టుకుంటారు. ఇంకో దారి మళ్లీ బంగారమే: రెండు బంగారు ముక్కల మధ్య నానోమీటర్ల సందులో వెలుగుని కుక్కితే, అబే చెప్పిన హద్దు కన్నా చిన్న చోట వల పడుతుంది.

మలేరియాకి దీనితో నేరుగా సంబంధం ఉంది. ఎర్ర రక్తకణానికి రెండు పక్కలా గాజు పూసలు అంటించి, లేజర్‌తో పూసని లాగి, కణం ఎంత సాగుతుందో కొలిచారు. ఎంఐటీలో సుబ్రా సురేశ్ బృందం చేసిన పని ఇందులో బాగా తెలిసినది. ఆరోగ్యంగా ఉన్న కణం సాగి సాగి తనకంటే సన్నని రక్తనాళంలోంచి కూడా జారిపోతుంది. ఫాల్సిపారం దూరిన కణం, క్రిమి లోపల ఎదిగే కొద్దీ పలు రెట్లు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుని, పైగా నాళం గోడలకి అతుక్కునే కణాలే సన్నని నాళాల్లో దారి మూసేస్తాయి, మెదడులో అలా జరిగితే ప్రాణం మీదికొస్తుంది. మా వైపు ఆ జ్వరంతో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, అందుకే ఈ కొలతలు నాకు దూరపు విషయంలా అనిపించవు.

కిట్ విప్పి చూపించగలిగాను గానీ, లేజర్ వలలో ఊగే పూసని పిల్లలకి వీడియోలోనే చూపించాను. బరంపురం ఐసర్ సైన్స్ సంస్థలో గానీ వైజాగ్ వైపు గానీ ఆప్టికల్ ట్వీజర్ (ఈ లేజర్ వల పేరు అదే) ఉన్న ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఇది చదువుతుంటే నాకు రాయండి. పొద్దున్న రైలెక్కి పిల్లల్ని నేను తీసుకొస్తాను, ఒక్క పూసని పట్టి కదిపి చూపిస్తే చాలు.