ఎర్ర మందు కోటా అయిపోయింది

తొడలో తీసేసిన లియోమయోసార్కోమా (నునుపు కండరాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్) ఈసారి ఊపిరితిత్తుల్లో తేలింది. మళ్లీ ఆ ఎర్ర కీమో మందే ఎక్కిస్తారేమో అనుకున్నా. డాక్టరుగారు ఫైలు తిరగేసి, "డాక్సోరూబిసిన్ ఇక వద్దమ్మా, గుండె మీద పడుతుంది" అన్నారు. ఆ మందుకి జీవితం మొత్తానికి ఒక హద్దు ఉంది: ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి సుమారు 450 నుంచి 550 మిల్లీగ్రాములు. నా వాటా మొదటిసారే చాలావరకు అయిపోయింది.

ఇప్పుడు వేరే కీమో, 21 రోజుల సైకిల్. మొదటి రోజు జెమ్‌సైటాబిన్ ఒక్కటే, 8వ రోజు దానితోపాటు డోసిటాక్సెల్. డోసిటాక్సెల్ వల్ల ఒంట్లో నీరు చేరకుండా, ఎలర్జీ రాకుండా దానికి ముందురోజు నుంచే డెక్సామెథసోన్ మాత్రలు. అవి వేసుకున్న రాత్రి నిద్ర పట్టదు. అర్ధరాత్రి లేచి పోపుల డబ్బా సర్దుతుంటే, "దొంగలనుకున్నానే!" అని మా ఆయన కేకలు.

వాంతులకంటే నన్ను ఎక్కువ ఏడిపించినవి గోళ్లు. నల్లబడ్డాయి, ముట్టుకుంటే నొప్పి. వెల్లుల్లి ఒలిచే పని ఆయనకి పడింది. (పొట్టు సగం అలాగే ఉంటుంది, అది వేరే సంగతి.)

"నయమైపోతుందిగా?" అని చుట్టాలు అడుగుతారు. ఈ దశలో కీమో చాలామందికి గడ్డల్ని అదుపులో పెట్టడానికే. స్కాన్‌లో "మార్పు లేదు" అని వస్తే మా ఇంట్లో స్వీట్లే. ఇది పనిచేయకపోతే పజోపనిబ్ మాత్రలు ఉన్నాయన్నారు. బీపీ పెంచుతాయట, అందుకని మిషను ఇప్పుడే కొనేశాం.