గడప దాటని రోజుల్లో పిల్లలను అడిగి తెలుసుకున్నది

పిల్లలు ఎంత దిగులుగా ఉన్నారో కొలిచే ప్రశ్నావళులు చాలా ఉన్నాయి. ఆ దిగులును ఎలా తట్టుకుంటున్నారో అడిగేవి తక్కువ. 2020లో బడులు మూతపడి, యునెస్కో లెక్క ప్రకారం ప్రపంచమంతటా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు చదువుకు దూరమైనప్పుడు, నా పరిశోధనకు ఈ రెండోదాన్నే ఎంచుకున్నాను.

ఉన్న ప్రశ్నావళినే వాడదామంటే కుదరలేదు. ‘స్నేహితులతో ఆడుకోవడానికి బయటికి వెళ్తాను’ అన్న వాక్యానికి, కాలు బయట పెట్టే వీల్లేని ఇంట్లో అర్థమేముంటుంది? అలాంటివన్నీ తీసేసి, ఇంట్లో పిల్లలు నిజంగా చేసేవి పెట్టాను: ఎవరితోనైనా చెప్పుకోవడం, ఏడవడం, బొమ్మలు వేయడం, తమ్ముడి మీద అరవడం. ఒత్తిడిని ఎదుర్కొనే తీరును మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో రెండుగా చూపారు. ఒకటి సమస్యనే మార్చే ప్రయత్నం, రెండోది దానివల్ల కలిగే బాధను తగ్గించుకునే ప్రయత్నం. మూసిన తలుపును పిల్లలు తెరవలేరు కదా! అందుకే రెండోదాన్ని బలహీనతగా లెక్కించకూడదని పట్టుబట్టాను.

ఎంత తరచుగా చేస్తారో అడిగితే చాలదు. పిల్లలు ఒత్తిడిని ఎలా తట్టుకుంటారో అడిగే 1988 నాటి ప్రశ్నావళి కిడ్‌కోప్‌లో ఉన్నట్టు, దానివల్ల ఎంత ఊరట కలిగిందో కూడా అడగాలి. ఒక అమ్మాయి ‘ఫోను చూస్తూ ఉండిపోతాను’ అన్నదానికి ‘ఎప్పుడూ’ అని, పక్క గడిలో ‘ఏమీ తగ్గలేదు’ అని చెప్పింది. మొదటి గడితో ఆగితే, ఆ పిల్లకు కాలక్షేపం బాగానే సాగుతోందనుకునేవాళ్లం.

అన్నిటికన్నా కష్టమైంది ఏకాంతం. ఫోనులో అడుగుతుంటే వెనకనుంచి ‘బాగానే ఉన్నానని చెప్పు’ అని పెద్దవాళ్లు అందించేవారు. దాంతో పిల్లలు ఒకటి, మూడు అంటూ అంకె మాత్రమే చెప్పేలా మార్చాను. పక్కన ఉన్నవాళ్లకు అంకె వినిపిస్తుంది, ప్రశ్న వినిపించదు. పెద్దల అనుమతి తీసుకున్నాక కూడా పిల్లల ఇష్టాన్ని విడిగా అడిగాను. వద్దన్నవాళ్లను మళ్లీ బతిమాలలేదు.

తల్లిదండ్రులను అడిగి సరిపెట్టుకోమని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. పిల్లల ప్రవర్తన, మానసిక సమస్యల మీద జరిగిన అధ్యయనాలను మనస్తత్వవేత్త ఆకెన్‌బాక్ బృందం 1987లో కలిపి చూస్తే, పిల్లలు తమ గురించి చెప్పినదానికీ ఇతరులు చెప్పినదానికీ సహసంబంధం (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) సగటున 0.22 మాత్రమే. దుప్పటి కప్పుకుని ఏడ్చే పిల్లవాడి సంగతి ఆ పిల్లవాడే చెప్పాలి.

చివరికి, చిన్న వయసు వాళ్ల జవాబుల్లో క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే ప్రశ్నలన్నిటికీ వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే కొలత, సాధారణంగా ఆశించే 0.70ని అందుకోలేదు. వాళ్లకు మొత్తం స్కోరు ఇవ్వకుండా, ఒక్కో ప్రశ్నకు వచ్చిన జవాబులను విడివిడిగానే నివేదికలో చూపించాను.