కవరు మీద మూడో గీత

మాది మెదక్ డయాసిస్‌లో, అంటే మెదక్ బిషప్ గారి పరిధిలో, ఒక చిన్న క్రైస్తవ సంఘం. ఆదివారం ఆరాధనలో కానుకల సంచులు ప్రభువు బల్ల దగ్గరికి చేరాక, పాస్టరు అయ్యగారు ప్రార్థించే ముందు, కృతజ్ఞతార్పణల కవర్లు చదివే పని కొన్నేళ్లుగా నాకు అప్పగించారు. బడిలో పాఠాలు చెప్పే గొంతు కాబట్టి వెనుక వరుస దాకా వినబడుతుందని కాబోలు. అది చిన్న తెల్ల కవరు. దాని మీద మూడు గీతలు అచ్చు వేసి ఉంటాయి: పేరు, మొత్తం, కారణం. మొదటి రెండూ అందరూ నింపుతారు. నేను రాయాలనుకున్నది మూడో గీత గురించి.

కవర్లు చదివేవారికి సంఘం ఏడాది ఎలా గడుస్తోందో తెలిసిపోతుంది. జనవరిలో కొత్త సంవత్సరం, వేసవిలో పెళ్ళిళ్ళు, పదో తరగతి ఫలితాలు, కొత్త ఇంటి ప్రతిష్ఠలు. వానలు పడ్డాక జ్వరాల నుండి కోలుకున్నవారు. మధ్యలో ఎప్పుడైనా గల్ఫ్ నుండి క్షేమంగా ఇల్లు చేరిన కొడుకు. ఇవన్నీ తప్పక చెప్పవలసినవే. ఇలాంటిదేమీ జరగని ఆదివారాలే ఏడాదిలో ఎక్కువ. ఆ వారాల్లో చాలా కవర్ల మీద ఒకే మాట ఉంటుంది: "దేవుడు చేసిన సకల మేలుల కొరకు."

ఈ మాటను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అది భక్తితో రాసిన మాటే. అయితే 103వ కీర్తన తీసి చూడండి. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అన్న దావీదు అక్కడితో ఊరుకోలేదు. దోషాలు క్షమించడం, రోగాలు కుదర్చడం, సమాధిలో నుండి ప్రాణాన్ని విడిపించడం, పక్షిరాజు యౌవనంలా యౌవనాన్ని కొత్తది చేయడం, ఇలా ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకుంటూ పోయాడు. "సకల" అన్న మాటను వారంలో జరిగిన ఒక్క మేలును కూడా తలుచుకోకుండా రాయవచ్చు. అదే నా బాధ.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ముందు భాగంలో చాప మీద కూర్చుంటుంది. చదువు రాదు. ఆరాధన మొదలయ్యే ముందు నా దగ్గరికి వచ్చి "రాయి బిడ్డా" అని కవరు చేతిలో పెడుతుంది. అందులో పది రూపాయలుంటాయి, ఒక్కోసారి ఇరవై. "మంగళవారం రాత్రి కరెంటు పోతే పక్కింటి కోడలు వచ్చి తోడు పడుకుంది, రాయి." "పింఛను రోజున నా వేలిముద్ర పడకపోతే పోస్టాఫీసు పిల్ల విసుక్కోకుండా నాలుగుసార్లు పెట్టించింది, రాయి." "చెప్పకుండానే మనవడు కంటి మందు తెచ్చాడు, రాయి." ఆ గీత ఆమెకు ఎప్పుడూ చాలదు, కవరు వెనక్కి తిప్పి రాస్తాను. మొదట్లో ఆ కారణాలు విని పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు ఆమె కవరు ఎప్పుడొస్తుందా అని చెవులు పెట్టి వింటారు. ఎందుకంటే ఆమె కృతజ్ఞతలో వారం ఉంది, వేళ ఉంది, మనిషి ఉన్నాడు. దేవుడు తన ఇంటికి ఎవరి కాళ్ళతో నడిచి వచ్చాడో ఆమెకు బాగా తెలుసు.

ఆమె దగ్గర నేర్చుకున్నదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి భోజనాలయ్యాక మా కుటుంబ ప్రార్థనలో ఒక నియమం పెట్టుకున్నాం. ఆ రోజు జరిగిన ఒక్క మేలు చెప్పాలి. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా చెప్పాలి.

మావారు విద్యుత్ శాఖలో లైన్‌మన్. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకుంటారు. ఎల్‌సీ అంటారు వాళ్ళు. అక్కడి ఆపరేటర్ ఆ ఫీడర్‌కు, అంటే ఆ లైన్‌కు, సరఫరా ఆపి, ఎవరికి, ఏ వేళకు ఇచ్చాడో పుస్తకంలో రాసుకుంటాడు. పైన పని ముగించి, కిందికి దిగి, ఎల్‌సీ తిరిగి అప్పగించేదాకా ఆ స్విచ్ ఎవరూ ముట్టుకోకూడదు. ఊళ్ళో చీకటి, ఫోన్ల మీద ఫోన్లు, కరెంటు ఎప్పుడిస్తారని కేకలు. ఆ సమయమంతా నా భర్త ప్రాణం కంటికి కనిపించని ఒక మనిషి మెలకువ మీద ఆధారపడి ఉంటుంది. అంతకుముందు మావారు రాత్రి ప్రార్థనలో "క్షేమంగా ఇల్లు చేర్చినందుకు స్తోత్రం" అని ముగించేవారు. నియమం పెట్టుకున్నాక ఒకరోజు ఆగి, ఆలోచించి, ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆపరేటర్ పేరు పలికారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ పేరు మా ఇంట్లో వినబడడం అదే మొదటిసారి. పిల్లలిద్దరూ కళ్ళు తెరిచి చూశారు.

ఆపరేటర్ మా విశ్వాసానికి చెందినవారు కారు. అయినా దేవునికి చెప్పిన మాట ఆయనకు కూడా చెప్పాలి కదా అని మావారిని పోరాను. మర్నాడు పొద్దున ఫోన్ చేశారు. అవతలివైపు కాసేపు మాట లేదట. తరువాత, "ఇన్నేళ్ళ సర్వీసులో తిట్టడానికి తప్ప నాకు ఎవరూ ఫోన్ చేయలేదన్నా" అన్నారట. గాలివానల రోజుల్లో ఇప్పుడు మా ప్రార్థనలో ఆయన మోకాళ్ళ నొప్పి కూడా ఉంటుంది.

ఇంటర్ చదివే మా అబ్బాయి చాలా రాత్రులు "ఈ రోజు ఏమీ లేదమ్మా" అంటాడు. నేను బలవంతం చేయను. లేని కృతజ్ఞతను నోటితో పలికించడం కన్నా ఆ రాత్రి ఊరుకోవడమే మేలు. ఒకరోజు తనంతట తానే చెప్పాడు. కిక్కిరిసిన బస్సులో నిలబడి ఉంటే సీట్లో కూర్చున్న ఎవరో ఒకావిడ వాడి బరువైన సంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుందట. "పేరు తెలియదు" అన్నాడు. పేరు తెలియని ఆవిడ కోసం నలుగురం ప్రార్థించాం.

మేలు దేవునిది అయినప్పుడు మనుషుల పేర్లెందుకు అని కొందరు అడుగుతారు. రోమా పత్రిక 16వ అధ్యాయం చదవమంటాను. మనలో చాలామంది పేర్లే కదా అని దాటవేసే అధ్యాయం అది. కృప గురించి, విశ్వాసం గురించి అంత లోతుగా రాసిన పౌలు చివరికి వచ్చి కెంక్రేయ సంఘంలో సేవ చేసే ఫీబేను తలుచుకున్నాడు. తన కోసం ప్రాణాలకు తెగించిన ప్రిస్కిల్ల, అకులలకు కృతజ్ఞత చెప్పాడు. ప్రయాసపడిన మరియను, పెర్సిసును తలుచుకున్నాడు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు. ఆమె ఏం చేసి ఉంటుంది? అన్నం పెట్టిందో, చిరిగిన బట్ట కుట్టిందో. రెండు వేల ఏళ్ల తరువాత కూడా ఆ తల్లి లేఖనంలో ఉంది. దేవుని మహిమ దీనివల్ల ఏమీ తగ్గలేదు.

మెదక్ పెద్ద గుడిని, అంటే అక్కడి కెథెడ్రల్ చర్చిని, చూసినప్పుడల్లా నాకు ఈ అధ్యాయమే గుర్తుకొస్తుంది. క్రిస్మస్‌కు ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. రంగుటద్దాల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చూసి తలలు పైకెత్తి నిలబడిపోతారు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందని, కట్టించినవారు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారని అందరూ చెబుతారు. కరువు రోజుల్లో పని కల్పించి తిండి పెట్టారన్నదీ అందరికీ తెలిసిన సంగతే. మా నాయనమ్మ మాత్రం ఆ అద్దాల గురించి ఎన్నడూ మాట్లాడలేదు. వాళ్ళ నాయన అక్కడ రాళ్ళు మోశాడని, సాయంత్రం కొంగులో గింజలు వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేదని చెప్పేది. దొరగారి పేరు నిలిచింది, నిలవవలసిందే. రాళ్ళు మోసినవారి పేర్లు నాయనమ్మలాంటివారి నోళ్ళలోనే మిగిలాయి. 2024లో ఆ గుడికి నూరేళ్ళు నిండినప్పుడు నేను మా ముత్తాత పేరు కవరు మీద రాసి ఇచ్చాను. అంతమందిలో ఎవరైనా చదివారో లేదో గానీ, నాకు తృప్తిగా ఉంది.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగానే మాట్లాడతాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చుని "దీనికి కూడా స్తోత్రం చెప్పు" అనడం కృతజ్ఞత నేర్పడం కాదు. అది ఆమె ఏడుపును మనం భరించలేక నోరు మూయించడం. మా సంఘంలోనే ఇలా జరిగింది. అన్నవారు మంచివారే, నేను కాదనను. కానీ యోహాను సువార్త 11వ అధ్యాయంలో మన ప్రభువే లాజరు సమాధిని చేరకముందే కన్నీళ్ళు విడిచాడు. ఆ తరువాతే కన్నులెత్తి తండ్రికి కృతజ్ఞత చెప్పాడు. ఆ వరుసను మార్చే హక్కు మనకు ఎవరిచ్చారు? ఆ తల్లి చాలా నెలల తరువాత ఒక ఆదివారం నా చేతిలో కవరు పెట్టింది. మూడో గీత ఖాళీగా ఉంది. ఏమి రాయమంటావని నేను అడగలేదు. బయటికి చదవకుండా అయ్యగారికి ఇచ్చాను. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, ఆమె పేరు కూడా ఎత్తకుండా ప్రార్థించారు. ఇంతసేపూ కారణం రాయాలని వాదించిన నేనే చెబుతున్నాను, ఆ ఖాళీ గీతను నింపే పని మనుషులది కాదు.

మా దగ్గర వానాకాలం వడ్లు ఇంటికి చేరాక కోత పండుగ చేస్తాం. వడ్ల బస్తాలు, మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన తరువాత బయట చెట్టు కింద వేలం. గతసారి గుంట భూమి కూడా లేని ఒక కూలి కుటుంబం కోసిన మడుల్లో పరిగె, అంటే రాలిపోయిన కంకులు, ఏరి, చెరిగి, చిన్న సంచెడు వడ్లు తెచ్చింది. కవరు మీద వారి కూతురు గుండ్రని అక్షరాలతో రాసింది: "మడిలో పరిగె ఏరుకోనిచ్చిన రైతు కొరకు." ఆ రైతు ఆ ఊరివాడే, మా గుడికి ఎన్నడూ రానివాడు. వేలంలో ఆ సంచి పెద్ద బస్తాతో సమానంగా పలికింది. నాకు దానికన్నా ముఖ్యమైనది వేరే ఉంది. సాయంత్రం అయ్యగారు ఆ రైతు ఇంటికి నడిచి వెళ్ళి, గుడిలో మీ పేరు మీద ప్రార్థించామని చెప్పి వచ్చారు.

అప్పటినుండి కమిటీలో ఒక మాట అడుగుతూ వచ్చాను. పాత కవర్లు అయిపోతున్నాయి, కొత్తవి అచ్చు వేయించేటప్పుడు "కారణం" కింద ఇంకో గీత చేర్చి, "ఎవరి ద్వారా" అని వేయిద్దామని. సంఘ పెద్దల్లో ఒకాయన ఒప్పుకోలేదు. "కృతజ్ఞతార్పణ మనుషులకు పెట్టే సన్మానంలా మారిపోతుంది, టీచరమ్మా. మహిమ దేవునికే ఉండాలి" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. పేర్లు చదివించుకోవడం కోసం మేళ్ళు చేసేవారు ఎక్కడైనా ఉంటారు. చాలాసేపు మాట్లాడుకున్నాక ఆయనే ఒక మార్గం చెప్పారు. నాలుగో గీత ఉండనీ, కానీ గుడిలో బయటికి చదవవద్దు. ఆ పేర్లు వేరే కాగితం మీద ఎక్కించి, ఆ వారంలో ఎవరో ఒకరు వారి ఇళ్ళకు వెళ్ళి, ఫలానా వారు మీ కోసం దేవుణ్ణి స్తుతించారని చెప్పి రావాలి. వెళ్ళే పని తానే చేస్తానన్నారు. డెబ్బై దాటిన మనిషి, సైకిలు తొక్కుతారు.

కవర్లు అచ్చుకు ఇచ్చాం. ఈ కోత పండుగకు చేతికొస్తాయి.